లారీ ఎత్తు అరుగు

ఉక్కు ఫ్యాక్టరీ పనులు మొదలై విశాఖలోకి కొత్త జనం దిగుతున్న రోజులవి. హుస్సేన్ బాషా డ్రాఫ్ట్స్‌మన్. రేవు చుట్టుపక్కల కాంట్రాక్టర్లకి గోడౌన్ల ప్లాన్లు గీస్తూ తల నెరిసింది. గీతలు అతనివి, సంతకాలు ఇంజనీర్లవి. ఒక్క గోడ మీదా అతని పేరు లేదు.

మద్దిలపాలెం దగ్గరి ఒక బడివాళ్లు, పిల్లలు మట్టి పిసకడానికీ బొమ్మలు వెయ్యడానికీ నాటకాలాడటానికీ విడిగా ఒక భవనం కట్టాలనుకున్నారు. ప్లాను బాషాని గియ్యమన్నారు. శంకుస్థాపన రాయి మీద పేరు కూడా వేయిస్తామన్నారు. అప్పట్నుంచీ అతనికి అన్నం సయించలేదు.

"కూర్చోరాదా కాసేపు? కాలుగాలిన పిల్లిలాగ ఏటి ఆ తిరుగుడు!" అని భార్య మహబూబున్నీసా విసుక్కుంది.

శనివారం ప్లాను చుట్టి చంకలో పెట్టుకుని బడికి వెళ్లాడు. కరస్పాండెంటు శ్రీరామ్మూర్తి చూసి ముచ్చటపడిపోయాడు.

"దిట్టంగా ఉందయ్యా. తుఫానొచ్చినా కదలదు. సోమవారం కొబ్బరికాయ కొట్టెద్దాం."

పక్కనే ఉన్న డ్రాయింగు టీచరు గౌరీశ్వరి కాగితం మీదికి వంగింది.

"బాషా గారూ, ఈ అరుగేటండి ఇంత ఎత్తు?"

"నాలుగడుగులండి. మామూలే కదా."

"ఏటి మామూలు? పిల్లల్ని లారీల్లో తెచ్చి దింపుతారేటి? కిటికీలు కూడా అందనంత ఎత్తులో పెట్టేరు."

బాషా ప్లాను తనవైపు తిప్పుకుని చూశాడు. గోడౌను అరుగు లారీ తొట్టికి సమంగా ఉండాలి, బస్తాలు నేరుగా లోపలికి లాగేందుకు. కిటికీలు ఎత్తున కప్పుకి ఆనుకునే ఉండాలి, వాన జల్లూ దొంగలూ రాకుండా. ఇన్ని రాత్రులు నిద్ర మానుకుని, ఎంతో కొత్తది గీస్తున్నాననుకుని, చివరికి గీసింది గోడౌనే.

శ్రీరామ్మూర్తి నవ్వేశాడు. "నాలుగు మెట్లు కట్టిస్తే సరిపోద్ది. కిటికీలంటావా, పైనుంటేనే మేలు. ఎదవలు బయటికి చూడరు."

నోరు మూసుకుంటే చాలు. సోమవారానికి రాయి మీద పేరుంటుంది. బాషా కాగితం చుట్టడం మొదలుపెట్టాడు.

"నాను మళ్లీ గీత్తానండి."

"బాగుందంటన్నాను కదయ్యా!"

"బస్తాలకి బాగుంటాదండి."

శ్రీరామ్మూర్తి మొహం ముడుచుకుంది. "ముహూర్తం నీ కోసం ఆగదు. సోమవారం పొద్దున్నకి కొత్త ప్లాను నా బల్ల మీద లేకపోతే అర్జునరావు ఇంజనీరు చేత గీయిస్తాను. రాయి మీద ఆయన పేరే ఉంటది."

బాషా తల ఊపి, బయటికొచ్చి, తిన్నగా మూడో తరగతిలోకి వెళ్లాడు. పిల్లల మధ్య నేల మీద చతికిలబడ్డాడు. తరగతంతా గొల్లుమంది. అక్కణ్నుంచి కిటికీలో చారెడు ఆకాశం తప్ప ఇంకేమీ కనిపించలేదు.

"నీకేటి కనిపిస్తందమ్మా?" అని వెనక కూర్చున్న సీతాలనే పిల్లని అడిగాడు.

"నీ తెల్ల తలకాయ, తాతా!"

పక్కకి జరిగి, కొత్త కిటికీ అంచు ఎక్కడుండాలో చూద్దామని సీతాలు కళ్లకి సమంగా గోడ మీద పెన్సిల్‌తో గీత పెట్టాడు. పక్కపిల్లకి అది నుదుటి మీదికి వచ్చింది. చెరిపి కిందికి పెట్టాడు. మళ్లీ చెరిపాడు.

గుమ్మంలోంచి గౌరీశ్వరి అంది: "సోమవారానికి అవుతుందంటారా?"

"ఏమోనమ్మా. ముందు ఒకటో తరగతిని పిలవండి," అన్నాడు బాషా, లేవకుండానే.