బల్బు తట్టే నూకయ్య

ఆమదాలవలస స్టేషన్లో దిగి తాటిమానుపేటకి దారి అడిగితే ఎవరైనా చెబుతారు. తాటిమానుపేటలో దిగి నూకయ్య ఇల్లెక్కడని అడిగితే మాత్రం "ఏ నూకయ్య?" అని ఎదురు అడుగుతారు. నూకాలమ్మకి మొక్కుకుని కన్న ప్రతి మగపిల్లాడికీ ఆ ఊళ్ళో అదే పేరు పెట్టారు. కనక గేదెల నూకయ్య ఉన్నాడు, గెడ్డం నూకయ్య ఉన్నాడు, ఊరికే నూకయ్య అని ఇంకొకడున్నాడు. మన మనిషి కావాలంటే బల్బు తట్టే నూకయ్య అనాలి. అప్పుడు చిన్నపిల్లలు కూడా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి గుమ్మంలో దింపుతారు.

అతని ఉద్యోగం రైసుమిల్లులో కలాసీ. అంటే మిల్లు లెక్కన అతనొక వీపు. బస్తా దాని మీద పెట్టాలి, అది లారీ దాకా నడవాలి. పాతికేళ్ళు అలా నడిచిన వీపుకి ఒక పేరుందని మిల్లు గుమస్తాకి ఇప్పటికీ తెలీదు. "ఒరే, నువ్వే, ఇటురా" అంటాడు. నూకయ్య వెళ్తాడు.

కానీ ఆ మిల్లే అతనికి విద్య నేర్పింది. మిల్లు ఆడుతుంటే గోడలు, నేల, మనిషి పళ్ళు అన్నీ అదురుతాయి. ఆ అదురుకి బల్బులో తీగ తెగిపోయేది. ఒకరోజు మాడిపోయిన బల్బు వేలాడుతున్న స్తంభానికి నూకయ్య బస్తా తగిలింది. బల్బు వెలిగింది. తక్కిన కలాసీలు దెయ్యమన్నారు. నూకయ్య మాత్రం మర్నాడు ఆ బల్బుని ఎండకెత్తి పట్టుకుని లోపలికి చూశాడు. తెగిన తీగ కొస వెళ్ళి రెండో కొసకి కొక్కెంలా తగులుకుని ఉంది.

ఆ తర్వాత ఊళ్ళో ఎవరింట్లో బల్బు పోయినా అతని దగ్గరికే. ఎండకెత్తి చూసేవాడు. కాస్త వాల్చి, చూపుడువేలు గోరుతో ఒకటి, రెండు, ఆగి మూడు దెబ్బలు తట్టేవాడు. తీగ తగులుకోగానే మెల్లగా హోల్డరులో పెట్టి స్విచ్చి వేయించేవాడు. తెగి అతికిన బల్బు ముందుకంటే ఎక్కువ వెలుగుతుంది. తీగ పొట్టిదవుతుంది కదా! ఆ వెలుగు చూసి జనం అది నూకయ్య మహిమ అనుకునేవాళ్ళు. పదిహేను రోజులకి మళ్ళీ పోయేది. మళ్ళీ నూకయ్య.

ఇందుకు అతను ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదు. బల్బు వెలిగాక దాని కింద ఒక నిమిషం నిలబడేవాడంతే. ఇంటివాళ్ళలో ఎవరో ఒకరు "ఎలిగినాది నూకయ్య మావా!" అనాలి. అనేదాకా కదిలేవాడు కాదు. మర్యాద తెలీని ఇళ్ళలో కాస్త దగ్గేవాడు.

రెండువేల పద్నాలుగు అక్టోబరులో తుఫాను వచ్చింది. స్తంభాలు పడుకున్నాయి. కరెంటు తిరిగొచ్చిన రోజు ఒక్కసారిగా ఎక్కువై వచ్చింది, ఊళ్ళో బల్బుల్లో సగం ఠపీమని మాడిపోయాయి. నూకయ్యకి పది రోజులు పండగ. మిల్లు నించి రాగానే కాళ్ళు కూడా కడుక్కోకుండా ఇల్లిల్లూ తిరిగాడు. తుఫాను వల్ల బాగుపడినవాళ్ళు ఆ జిల్లాలో ఎందరో ఉన్నారు గాని, సిగ్గుపడకుండా బాగుపడినవాడు అతనొక్కడే.

ఆ తర్వాత ఆటోకి మైకు కట్టుకుని ఎల్ఈడీ వచ్చింది. ఇంటికి రెండు పాత బల్బులు ఇవ్వండి, రెండు కొత్త బల్బులు తీసుకోండి, కరెంటు బిల్లు తగ్గించుకోండి, ఏళ్ళ తరబడి మాడవు.

"ఏళ్ళ తరబడి మాడవంట," అంది అతని భార్య అసిరమ్మ, చేటలో బియ్యం చెరుగుతూ.

"సెప్పేవోళ్ళు సెప్తారు. తుఫాను సాయం కూడా రేపే ఇస్తామన్నారు, ఇచ్చినారా?"

"పోనీ మనమూ తెచ్చుకుందుము కదయ్యా."

"బల్బు తట్టే నూకయ్య ఇంట్లో మాడని బల్బా? ఊరోళ్ళు నవ్వరేటి?"

"ఇప్పుడు నవ్వడం లేదనుకుంతన్నావా?" అని అసిరమ్మ చేట దులిపింది.

పంచాయతీ ఆఫీసు వరండాలో బల్లేసుకుని సంజయ్ అనే కుర్రాడు కూర్చున్నాడు. టౌను నించి వచ్చాడు, కాంట్రాక్టు ఉద్యోగం, మెడలో కార్డు. ఊరు ఊరంతా మాడిపోయిన బల్బులు పట్టుకుని వరసలో నిలబడింది. వెలిగే బల్బిచ్చి వెలిగే బల్బు తెచ్చుకునేటంత అమాయకులు తాటిమానుపేటలో పుట్టలేదు. సంజయ్ మొదటి బల్బుని బల్ల మీది హోల్డరులో పెట్టి చూశాడు. వెలగలేదు. రెండోది వెలగలేదు. పదోది వెలగలేదు.

"వెలిగే బల్బులే తీసుకుంటాను," అన్నాడు.

ఆ రూలు పైనెక్కడైనా ఉందో, లేక బల్ల వెనక కూర్చోగానే అతనికే పుట్టిందో ఎవరికీ తెలీదు. బల్లకి అటువైపు కూర్చున్నవాడి మాటే మనదేశంలో రూలు. అందరూ వెనక్కి తిరిగారు. ఆ తిరగడం తిరగడం, నూకయ్య గుమ్మం దగ్గర ఆగారు.

ఆరోజు మిల్లుకి సెలవు. నూకయ్య మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఇరవై, ముప్ఫైమంది చేతుల్లో బల్బులు చూసి ముందు అతని ముఖం వెలిగింది. సంగతి తెలిశాక మాడింది.

"అంటే, నాను బతికిస్తే మీరు అట్టుకెల్లి ఆడికిచ్చీసి, మాడని బల్బు తెచ్చుకుంతారు. మరింక నాతో పనేటుంటాది మీకు?"

అందరూ తమ చేతుల్లో బల్బుల వంక చూసుకున్నారు. ఎందుకంటే అది నిజం.

"నాను తట్టను. పొండి."

తలుపు వేసుకునేవాడే గాని, జ్ఞానసుందరి కర్ర అడ్డం పెట్టింది. ఆమె మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైంది. ఆ ఊళ్ళో యాభై దాటని వాళ్ళలో సగంమంది మొదటి ఏడుపు విన్నది ఆమే.

"ఒరే నూకా! నువ్వు పుట్టి ఏడవకపోతే కాళ్ళట్టుకుని తలకిందులుగా యేలాడదీసి వీపు మీద తట్టింది నానే. అప్పుడు, ఈడు ఎలిగితే నాకేటి లాభం అని అడిగినానా?"

"అది కాదప్పా..."

"ఏది కాదు? తట్టు."

ఆమె బల్బు తట్టాడు. ఆమెది తట్టాక పక్కామెది తట్టకపోతే బాగోదు. అలా పదిహేను అయ్యాయి. "అదురు తగిలితే మళ్ళీ ఊడిపోతాది, నెమ్మదిగా అట్టుకెల్లండి," అని చెప్పి పంపాడు.

ఆడవాళ్ళు ఆ బల్బుల్ని రెండు చేతుల్లో పెట్టుకుని, అమ్మవారి సంబరంలో ఘటాలు మోసినంత భక్తిగా, ఊపిరి బిగబట్టి ఒకరి వెనక ఒకరు నడిచారు. డప్పులు లేవు, అంతే తేడా. కల్వర్టు దగ్గర అటుగా పోయే లారీ హారన్ కొట్టింది. పదిహేనుమందీ ఒకేసారి ఉలిక్కిపడ్డారు.

పావుగంటలో నూకయ్య బావమరిది పోతురాజు పరిగెత్తుకుని వచ్చాడు. రోజూ ఏదో ఒక చెడ్డ కబురు మోస్తే గాని అతనికి అన్నం అరగదు.

"బావా! నాలుగే ఎలిగినాయి. మిగతావి సచ్చిపోనాయి. ఆ సంజయ్ గోరు నవ్వుతన్నాడు. మాడిన బల్బు బతకడమేటి, మీవోడెవడో గారడీ సేస్తన్నాడు, అన్నాడు."

"ఎవడన్నాడు?"

"ఆడే. గారడీ అన్నాడు. ఓలమ్మ, మాకందరికీ సిగ్గేసింది. అయినా నీకెందుకులే బావా, నువ్వు పడుకో."

నూకయ్య చొక్కా తొడుక్కున్నాడు. బొత్తాలు వీధిలో పెట్టుకున్నాడు.

పంచాయతీ వరండాలో అతను సంజయ్ ముఖం కూడా చూడలేదు. చచ్చిపోయిన బల్బు ఒకటి తీసుకున్నాడు, ఎండకెత్తాడు, వాల్చాడు. ఒకటి, రెండు. ఆగాడు. మూడు. హోల్డరులో పెట్టి "ఎయ్యి బాబూ స్విచ్చి," అన్నాడు.

వెలిగింది. ఎలా వెలిగిందంటే, సంజయ్ చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఎలిగినాదీ!" అన్నారు జనం.

"ఇంకొకటి చెయ్యి చూద్దాం," అన్నాడు సంజయ్. ఇంకొకటి చేశాడు. ఇంకొకటి. పదో బల్బుకి సంజయ్ "నువ్వు" మానేసి "మావా" అన్నాడు. ఇరవయ్యో బల్బుకి తన కుర్చీ ఇచ్చి తను బల్ల మీద కూర్చున్నాడు. వార్త పాకింది. అటకల మీది బల్బులు, గాదె వెనక పడేసినవి, పక్క ఊరి చుట్టాల బల్బులు కూడా వచ్చాయి. తీగ మొత్తం రాలిపోయినవాటిని నూకయ్య చూడగానే పక్కన పెట్టేసేవాడు: "ఇది కాలం సేసినాది. తీసుకుపో."

వెలిగిన ప్రతి బల్బునీ సంజయ్ హోల్డరులోంచి తీసి వెనకనున్న ఇనప డ్రమ్ములోకి విసిరేవాడు. ఠప్.

"పగలగొడతావేటి బాబూ? పక్కన ఎట్టరాదా?"

"మళ్ళీ వాడకూడదు మావా. రూలు."

ఒకటి, రెండు, మూడు. ఎలిగినాదీ! ఠప్. ఒకటి, రెండు, మూడు. ఎలిగినాదీ! ఠప్. ఆ సాయంత్రందాకా అంతే. నూకయ్య జీవితంలో ఒక్కరోజున అన్నిసార్లు ఆ మాట ఎప్పుడూ వినలేదు. గోరు నొప్పెట్టింది. ఎవరో మజ్జిగ తెచ్చి ఇచ్చారు. సర్పంచి కూడా వచ్చి వీపు మీద చెయ్యి వేశాడు, బస్తా వెయ్యడానికి కాకుండా ఆ వీపు మీద చెయ్యి వేసిన మొదటి పెద్దమనిషి.

చివరికి అతను "తే," అని చెయ్యి చాపితే ఆ చేతిలో ఎవరూ ఏమీ పెట్టలేదు. తలెత్తి చూశాడు. వరస అయిపోయింది. అసిరమ్మ ఒక్కతే నిలబడి ఉంది, చెంగులో రెండు బల్బులు.

"మనవి నువ్వు తట్టక్కర్లేదులే. ఎలుగుతున్నాయి," అని అతని చేతిని దాటించి సంజయ్‌కి ఇచ్చింది.

ఠప్, ఠప్.

ఇంట్లో ఎల్ఈడీ వెయ్యగానే అసిరమ్మకి గోడ మీద మసి, మూలల్లో బూజు, దూలం మీద పిచ్చిక గూడు అన్నీ ఒకేసారి కనిపించాయి. మొగుణ్ణి కూడా చూసింది. "ఓలమ్మ, నీ జుట్టు ఇంత తెల్లబడిపోనాదేటయ్యా? నాకు సెప్పలేదు!" అంది. నూకయ్య మొహం తిప్పుకున్నాడు.

తర్వాత రెండు నెలలు అతన్ని ఎవరూ పిలవలేదు. మిల్లు నించి వస్తూ దీపాలు పెట్టే వేళకి వీధుల్లో నెమ్మదిగా నడిచేవాడు. గుమ్మాల్లో ఆగి, మంచాన పడ్డ మనిషిని పలకరించినట్టు అడిగేవాడు.

"ఎలాగున్నాది మీ బల్బు?"

"బాగున్నాది మావా. ఏ రోగమూ లేదు."

"తగ్గీ, ఎక్కీ సేస్తందేటి?"

"అస్సల్లేదు."

"మంచిది, మంచిది," అని కళ్ళు దించుకుని నడిచేవాడు. పోతురాజైతే దూరం నించే అరిచేవాడు: "బావా, మా ఇంటోటి కూడా సావలేదు! నువ్వు ఎల్లు!"

ఫిబ్రవరిలో ఒక ఆదివారం పొద్దున, ప్రార్థనకి తయారవుతున్న జ్ఞానసుందరి తన మనవరాలు గ్లోరీని పంపింది. "తాతా, మా బల్బు వెలగడం లేదంట. నాన్నమ్మ రమ్మంది."

నూకయ్య నడవలేదు, లగెత్తాడు. అతను వెళ్ళేసరికి చుట్టుపక్కలవాళ్ళు ఏడెనిమిదిమంది అప్పటికే చేరి ఉన్నారు. మాడదన్న బల్బు మాడిందంటే చూడాలని ఎవరికుండదు? పోతురాజు ముందు వరసలో ఉన్నాడు.

నూకయ్య బల్బు విప్పి ఎండకెత్తాడు. పాలలా తెల్లటి బుర్ర. లోపల తీగ లేదు, కొక్కెం లేదు, ఏమీ కనపడలేదు. వాల్చి చూశాడు, చెవి దగ్గర పెట్టుకుని ఆడించాడు. చప్పుడు లేదు. ఒకటి, రెండు, మూడు తట్టాడు. మళ్ళీ మూడు. హోల్డరులో పెట్టి స్విచ్చి వేయించాడు. వెలగలేదు.

ఇంకో నాలుగుసార్లు తట్టొచ్చు. లోపల తీగ సరిగ్గా లేదని ఏదో ఒక అబద్ధం చెప్పొచ్చు. అందరూ నమ్ముతారు, ఆ బుర్రలో ఏముందో వాళ్ళకీ తెలీదు. నూకయ్య బల్బుని మళ్ళీ విప్పి చేతిలో పట్టుకున్నాడు. మిల్లులో వంద కేజీలు ఎత్తినప్పుడు కూడా అతని మెడ నరాలు అలా పొంగలేదు.

"అప్పా," అన్నాడు చివరికి. "దీన్లో నాకేటీ అవుపడ్డం లేదు. ఇది నాకు రాదు."

ఎవరూ నవ్వలేదు. పోతురాజు కూడా నవ్వలేదు, ఎందుకో అతని ముఖమే చిన్నదైంది.

"రాకపోతే రాకపోనాది," అంది జ్ఞానసుందరి. "అలా మొగం యేలాడేసుకుని నిలబడిపోతావేటి? వచ్చిందేదో సెయ్యి. నాకు ప్రార్థనకి టైమైపోతంది."

వచ్చిందేముంది? చేతులు ఊరికే ఉంచలేక, మెయిన్ ఆపించి స్టూలెక్కి హోల్డరులోకి తొంగి చూశాడు. ఇన్నేళ్ళుగా అతను బల్బునే చూశాడు గాని, అది కూర్చునే చోటు ఎప్పుడూ చూడలేదు. ఇత్తడి హోల్డరు, ఆ ఇల్లు కట్టిన నాటిది. లోపల బల్బుకి కరెంటు అందించే రెండు పుల్లలూ ఆకుపచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. ఒకటి మాడి లోపలికి దిగిపోయింది.

"గరుకు కాయితం ఉన్నాదా అప్పా?"

గ్లోరీ తెచ్చి ఇచ్చింది. నూకయ్య గీకాడు, ఊదాడు, మళ్ళీ గీకాడు. దిగిపోయిన పుల్లని దబ్బనంతో పైకి లాగాడు. బల్బు పెట్టి దిగాడు. మెయిన్ వేశారు.

తెల్లటి వెలుగు గదంతా పడింది.

"ఎలిగినాదీ!" అన్నాడు పోతురాజు, అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా. "సూసినారా, మా బావ తట్టినాడు, ఎలిగినాది!"

"తట్టడం వల్ల కాదురా," అన్నాడు నూకయ్య. "బల్బుకేటీ కాలేదు. హోల్డరుకి చిలుము పట్టింది. గీకినాను."

"ఊరుకో బావా, మేం సూడలేదేటి? మూడు దెబ్బలు తట్టినావు."

"తట్టినాను గాని, అందువల్ల కాదు. ఎవరైనా గీకొచ్చు. మీ ఇళ్ళల్లో కూడా పాత హోల్డర్లే..."

అతని మాట ఎవరూ వినిపించుకోవడం లేదు. చిలుము గురించి వినడానికి ఎవరూ రాలేదు. పక్కింటి లక్ష్మణమ్మ అప్పుడే తమ వంటగదిలో బల్బు కూడా మిణుకుతోందని మొదలుపెట్టింది. నూకయ్య దిక్కుతోచక జ్ఞానసుందరి వైపు చూశాడు.

"నువ్వైనా సెప్పప్పా. తట్టడం కాదు, గీకడం."

జ్ఞానసుందరి బైబిలు చంకన పెట్టుకుని, కర్రతో ఇంటి వెనక భాగం చూపించింది.

"ఏదైతే నాకేటిరా? ఎనక గదిలో కూడా ఓసారి గీకీసి ఎల్లు."