పొగగొట్టంలో పలికిన గొంతు

సుత్తి పట్టడం రానివాడు ఇల్లు బాగుచేయడానికి దిగితే కూలేవి ఇటుకలు మాత్రమే కాదు. నా విషయంలో పరువు కూడా కూలింది. ఎలాగో వినండి.

ఇబ్రహీంపట్నంలో మాది పాత ఇల్లు. గోడకు ఇటు మేము, అటు బాలమణమ్మ. మా వంటగదిలో, ఎప్పుడో వాడకం మానేసిన కట్టెల పొయ్యి మీద ఇటుకల పొగగొట్టం ఒకటి, వచ్చి తిరిగి వెళ్లడం మర్చిపోయిన చుట్టంలా సగం గది ఆక్రమించి నిలబడేది. అది పోతే తప్ప ఫ్రిజ్ లోపల పట్టదు.

"మేస్త్రీని పిలువు," అంది నా భార్య సుజాత.

"గీ నాలుగు ఇటుకలకు మేస్త్రీ ఎందుకు? నేనే తీస్త."

మిట్టమధ్యాహ్నం మొదలుపెట్టాను. బయట ఎండ మండిపోతోంది. కింది వరస ఊడగానే లోపలి నుంచి చల్లటి గాలి వచ్చి మెడకు తగిలింది. మసి రాలింది. ఆ వెనకే ఎవరో దీర్ఘంగా ఊపిరి పీల్చిన శబ్దం. గాలేలే అనుకుని ఇంకో దెబ్బ వేశాను.

"మల్ల వచ్చినవా?"

ముసలి ఆడగొంతు. గొట్టంలోంచి, బావి అడుగున కూర్చుని పిలిచినట్టు. సుజాత చేతిలో గిన్నె జారిపడింది.

"బతికినన్ని దినాలు ఏడిపిచ్చినవ్. ఇంకా సాలలేదా?"

మా నాయనమ్మే! ఈ పొయ్యి దగ్గరే వండి వండి పోయిన మనిషి. చిన్నప్పుడు ఆమె తమలపాకుల సంచి దాచి ఏడిపించింది నేను కాక ఇంకెవరు? మోకాళ్ల మీద కూలబడి, గొట్టంలో తల దూర్చి, మసికి బొంగురుపోయిన గొంతుతో అన్నాను:

"తప్పయింది. నన్ను మాఫ్ చెయ్యి. ఇంక ఎన్నడు ఏడిపియ్య."

లోపలి నుంచి సన్నగా ఏడుపు. దయ్యాలు ఏడుస్తాయని నాకెవరూ చెప్పలేదు.

కాసేపటికి తలుపు చప్పుడైంది. బాలమణమ్మ. కళ్లు వాచి ఉన్నాయి, ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"బిడ్డా, సచ్చిపోయిన మా ముసలోడు వచ్చిండు! తాగొచ్చి తలుపు బాదినట్టే బాదిండు. నా పొయ్యి గొట్టంలకెల్లి మాట్లాడిండు. బతికినన్ని దినాలు సతాయించిండు గని, ఒక్కపారన్న తప్పయిందనలే. ఇయ్యాల అన్నడు. మాఫ్ చెయ్యమన్నడు!"

రెండిళ్ల పొయ్యిలకూ గొట్టం ఒక్కటేనని అప్పుడు వెలిగింది నాకు. "పెద్దమ్మా, గా మాట్లాడింది..." అని నోరు తెరిచాను. సుజాత నా కాలు తొక్కింది.

"మరి మాఫ్ చేసినవా పెద్దమ్మా?" అని అడిగింది.

"చేసిన బిడ్డా. గిన్నేండ్లకు పానం నిమ్మలమైంది."

కొంగుతో కళ్లు తుడుచుకుంటూ ఆమె వెళ్లిపోయింది. సుజాత మసి కొట్టుకుపోయిన నా ముఖాన్ని ఎగాదిగా చూసింది.

"పెండ్లయిన కాన్నుంచి నాకు ఒక్కపారన్న తప్పయిందన్నవా? గోడకైతే మోకాళ్ల మీద పడ్డవ్!"

మర్నాడే మేస్త్రీ వచ్చి ఆ కన్నం పూడ్చాడు. అందరి సాక్షిగా శపథం చేస్తున్నాను: ఈ జన్మలో ఏ గోడ మీదా సుత్తి ఎత్తను. అవతల ఎవరున్నారో చూసుకోకుండా క్షమాపణ అసలే చెప్పను. సుజాతకు చెప్పాల్సినవి మాత్రం వాయిదాల మీద చెల్లిస్తున్నాను, ఎదురుగా నిలబడి.