చిన్నమామయ్యగారి అడవిపంది

మావారి చిన్నాన్న, అంటే నాకు చిన్నమామయ్య, లోకంలో ఏ తప్పు జరిగినా ఒకే ఒక అడవిపంది మీద వేసేవారు. కళ్ళజోడు కనపడకపోతే పంది. టీ చల్లారితే పంది.

"కూరలో ఉప్పు కూడా అదే వేసిందంటారా?" అని అత్తయ్య గరిటెతో నిలబడితే, "నేనెక్కడన్నాను? నువ్వే అంటున్నావు" అనేవారు.

అడవి గార్డుగా చేసి రిటైరయినా, వేసవి వచ్చిందంటే ఆయన కాలు ఇంట్లో నిలిచేది కాదు. మా ఇళ్ళ వెనకనుంచి అడవిలోకి పోయే కాలిబాట ఆయన సొంతమన్నట్టే ఉండేవారు. నిప్పు పాకకుండా ఎండుటాకులు ఊడ్చేవారు, జంతువులకు తొట్లలో నీళ్ళు పోసేవారు, బాటకు రెండు పక్కలా రాళ్ళు పేర్చేవారు. రాళ్ళెందుకంటే, నడిచేవాళ్ళు బాట దిగితే నేలమీద గూడు పెట్టుకున్న పిట్టల గుడ్లు కాళ్ళకింద పడతాయి.

మావారు చనిపోయిన ఏడాది నేను వంటింటి గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని. తిన్నావా అంటే తలూపేదాన్ని. తినలేదా అన్నా అలాగే ఊపేదాన్ని. "ఇలాగే ఉంటే ఈ పిల్ల మనకు దక్కదండీ" అని అత్తయ్య గుమ్మం అవతల అనడం విన్నాను. మర్నాడు పొద్దున్నే మామయ్య వచ్చారు.

"ఒక్క పూట రామ్మా. నడుం పట్టేసింది, రాళ్ళు పేర్చాలి."

నడుం పట్టేయడమూ పంది వల్లేనట.

వెళ్ళాను. బాట మొదట్లో పది బారల మేర పేర్చాను. ముగ్గుగీత కూడా తిన్నగా గీయలేనిదాన్ని, అయినా వరస బాగానే వచ్చిందని మురిశాను. మర్నాడు మామయ్య మళ్ళీ గుమ్మంలో!

"అమ్మాయ్, పంది మొత్తం చిందరవందర చేసింది."

మళ్ళీ పేర్చాను. మళ్ళీ పంది. నా పనితనం దానికి నచ్చలేదని వారానికి రూఢి అయింది. నాలుగో తరగతితో బడి మానేశాను గానీ, అక్కడ పంతులుగారు కూడా నాచేత ఇన్నిసార్లు దిద్దించలేదు. పదోరోజు ఒళ్ళు మండి, "దాని దుంప తెగ! దానికేం పనీపాటా లేదా?" అని అరిచాను. నెలల తర్వాత విన్న నా గొంతు నాకే కొత్తగా ఉంది.

మామయ్య చెట్టుకొమ్మకేసి చూస్తూ, "ఇంకా గట్టిగా తిట్టమ్మా, దానికి చెవుడు" అన్నారు.

అప్పటినుంచి రోజూ తిడుతూ పేర్చాను. ఇంటికొచ్చి ఆకలేసి తిన్నాను.

విచిత్రమేమిటంటే ఆ పంది పిట్టల గూళ్ళున్న పైమలుపు రాళ్ళ జోలికి ఒక్కనాడూ పోలేదు. దాని ప్రతాపమంతా బాట మొదట్లోనే. అప్పుడైనా నాకు వెలగాలి కదా. నా బుర్రలో దీపానికి వత్తి పొట్టిది.

వేసవి చివర్లో, దాని అంతేదో చూద్దామని తెలతెలవారుతుండగా చీపురు పట్టుకుని వెళ్ళాను. మామయ్య వంగి, ఒక్కొక్క రాయే తీసి, ఎంతో జాగ్రత్తగా చిందరవందర చేస్తున్నారు. పట్టేసిన నడుం శుభ్రంగా వంగుతోంది.

నన్ను చూసి నిటారుగా లేచారు. "ఇప్పుడే వెళ్ళిందమ్మా. ఒక్క నిమిషం ముందొచ్చుంటే..."

"అవును మామయ్యా, తోక చూశాను" అన్నాను.

ఆ తర్వాత రాళ్ళు కదల్లేదు. మూడు రోజులు మామయ్య మా గుమ్మం వైపు రాలేదు. పిలవడానికి ఆయనకు సాకు లేదు, వెళ్ళడానికి నాకూ లేదు. నాలుగోరోజు నేనే పొద్దున్నే వెళ్ళి, నాలుగు రాళ్ళను కాలితో తన్ని, నేరుగా వాళ్ళింటికి నడిచాను.

"మామయ్యా, పంది మళ్ళీ వచ్చింది."

ఆయన వచ్చారు. కళ్ళజోడు సవరించుకుని, మట్టిలో నా చెప్పుల గుర్తులను చాలాసేపు పరీక్షించారు.

"ఇది ఆ పాతది కాదమ్మా" అన్నారు. "దాని కోడలు."