తేలిన చేపలు

మా ఇంట్లో చేపల విషయంలో ఒక్కటే శాసనం: తేలిన చేప వండకూడదు. గాలానికి పడాలి, వలకి చిక్కాలి, లేదా సంతలో మొప్పలెత్తి చూసి కొనాలి. నీటి మీద తనంతట తాను కనబడే చేపకి ఏదో కష్టం వచ్చి ఉంటుందనీ, ఆ కష్టంలో మనం పాలు పంచుకోనక్కర్లేదనీ నాన్నగారి వాదన.

డెబ్బైల చివర. నేను రాజమండ్రిలో డిగ్రీ చదువుతూ వేసవి సెలవులకి పాలకొల్లు దగ్గర మా ఊరు వచ్చాను. అక్క పురిటికి వచ్చి ఉంది. ఎనిమిదో నెల. పది రోజులుగా ఆవిడ ధ్యాసంతా చేపల పులుసు మీదే. సంతలో ఎండుచేపలు తప్ప దొరకడం లేదు. కాలేజీలో ఏం నేర్పుతున్నారో గానీ నాలుగు చేపలు పట్టడం మాత్రం నేర్పినట్టు లేరని రోజూ పొద్దున్నే దెప్పేది.

వేసవిలో మరమ్మతుల కోసం కాలవ కట్టేసేవారు. నీళ్ళు తీసేశాక లాకుల దగ్గర లోతైన చోట మడుగులు మిగిలేవి. ఆ గట్టు మీద గాలానికి తవుడు ముద్ద పెట్టుకుని మూడు రోజులు కూర్చున్నాను. చేపలు తవుడు తినేసి వెళ్ళిపోయేవి. నా వల్ల వాటి ఆరోగ్యం బాగుపడింది.

నాలుగో రోజు పొద్దున వెళ్ళేసరికి అరచేయంత వెడల్పు బొచ్చె చేపలు పైకొచ్చి, నోళ్ళు తెరుచుకుని, ఒక పక్కకి ఒరిగి తిరుగుతున్నాయి. చెయ్యి పెడితే పారిపోలేదు. ఆరు ఏరుకున్నాను. కెమిస్ట్రీ చదివినవాణ్ణి గనక, వేడెక్కిన నీళ్ళలో ఆక్సిజన్ తగ్గుతుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. తర్వాత గట్టు మీద కూర్చుని ఒక్కొక్క చేప పెదవికీ గాలం గుచ్చి, తీసి, కన్నం పెట్టాను. ఆ సెలవుల్లో నేను అంత శ్రద్ధగా చేసిన పని మరొకటి లేదు.

"ఏరా, గాలానికేనా?" అన్నారు నాన్నగారు.

"గాలానికేనండి."

ఆయన బొటనవేలితో ఒకదాని నోరు తెరిచి, కన్నం చూసి, ఇంకేమీ అడగలేదు. కాసేపటికి గోడవతల ఎవరితోనో మావాడికి చెయ్యి తిరిగిందని చెప్పడం వినబడింది.

అమ్మ మట్టిచట్టిలో పులుసు పెట్టి, ముక్కకి పులుపు పట్టాలి, సాయంత్రం దాకా ఎవరూ ముట్టుకోవద్దంది. అక్క ఆగలేదు. మధ్యాహ్నం వంటింట్లోనే పీట వేసుకుని రెండు ముక్కలు తినేసి, ఉప్పు ఒక పిసరు ఎక్కువైందని చెప్పి, వసారాలో మడతమంచం మీద పడుకుంది.

నాలుగింటికి లాకుల దగ్గర నీళ్ళు వదిలే, కట్టే పని చూసే కాలవ లస్కరు సైకిలు మీద వచ్చి మా గుమ్మం ముందు ఆగాడు. రాత్రి ఎవరో చేపల కోసం లాకుల దగ్గర మడుగులో ఎండ్రిన్ పోశారట. ఆ చేప తిన్న కుక్క గట్టు మీదే చచ్చిందట. ఇంటింటికీ చెప్పుకుంటూ వస్తున్నాడు. చేలకి కొట్టే ఆ మందు పేరు మా వైపు పసిపిల్లలకి కూడా తెలుసు. ఏ ఇంట్లోనన్నా ఉన్నట్టుండి ఏడుపులు వినబడితే జనం మొదట అడిగేది దాని గురించే.

"మీరేవన్నా తెచ్చారేంటండీ?"

"తెచ్చాం గానీ మావాడు గాలం వేసి పట్టాడయ్యా. మందు తాగిన చేప ఎర తింటుందా?" అన్నారు నాన్నగారు. లస్కరు అదీ నిజమేనంటూ వెళ్ళిపోయాడు. నాన్నగారు లోపలికి తిరిగి, పెందరాళే కంచాలు పెట్టెయ్యమని అమ్మకి చెప్పారు.

చట్టినైతే పొరపాటున కాలు తగిలినట్టు తన్నేయొచ్చు. ఆ సంగతి ఆలోచించాను కూడా. అక్క తిన్న రెండు ముక్కలకి ఆ ఉపాయం పనిచెయ్యదు.

"నాన్నగారూ, అవి గాలానికి పడలేదండి. తేలినవి."

"మరి ఆ కన్నాలు?"

"నేనే పెట్టాను."

కొడతారనుకున్నాను. చెప్పులు కూడా వేసుకోకుండా సైకిలెక్కి డాక్టరు కోసం వెళ్ళిపోయారు.

అమ్మ అక్కని నూతి దగ్గర కూర్చోబెట్టి ఉప్పునీళ్ళు తాగించింది. వాంతికీ వాంతికీ మధ్య అక్క తలెత్తి నావైపు చూసి, "అమ్మ తిట్టబట్టి ఆగాను గానీ, మూడో ముక్క కూడా తినేదాన్నిరా వెధవా" అంది.

డాక్టరు కళ్ళు చూశాడు, నాడి చూశాడు. తిని నాలుగు గంటలైంది కాబట్టి గండం గడిచినట్టే ఉందన్నాడు. అయినా చీకటి పడేదాకా ఒంటరిగా వదలొద్దు, ఒళ్ళు వణికితే క్షణం ఆలస్యం చెయ్యకుండా పాలకొల్లు తీసుకెళ్ళమన్నాడు. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క కారు, రైసుమిల్లు వాళ్ళది, మా గుమ్మం ముందుకొచ్చి నిలబడింది.

"ఏదన్నా చెప్పరా, ఊరికే అలా చూడకు" అంది అక్క. హాస్టల్లో నేను నోరు తెరిస్తే నవ్వేవాళ్ళు. ఆ పూట ఒక్క జోకూ నోటికి రాలేదు. భీమవరం నుంచి నిడదవోలు దాకా రైలు స్టేషన్లు వరసగా చెప్పాను. అయిపోతే తిరుగు ప్రయాణం చెప్పాను.

తణుకు పేరు దగ్గరికి వచ్చేసరికి అక్క ఉలిక్కిపడి పొట్ట పట్టుకుంది. అమ్మ చేతిలో గ్లాసు జారిపోయింది.

"తన్నాడు," అంది అక్క.

అమ్మ ఉన్నచోటే చతికిలబడి ఏడ్చింది. గుమ్మంలో కూర్చున్న నాన్నగారు నావైపు చూశారు. "తన్నాల్సినవాడు ఎదురుగా ఉంటే తల్లిని తంతాడేంటి."

మామూలుగా ఇలాంటి మాటకి ఇంట్లో ముందు నవ్వేది నేనే.

అక్కకేమీ కాలేదు. నెల తిరక్కుండా సుఖంగా కాన్పయింది. నేను ఏరుకున్న చేపల్లో మందు ఉందో, ఊపిరాడకే తేలాయో ఇప్పటికీ తెలీదు. కానీ ఇవన్నీ తర్వాతి మాటలు. ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకి నాన్నగారు చట్టిని పులుసుతో సహా పెరట్లోకి తీసుకెళ్ళి, కుక్కలు తవ్వలేనంత లోతు గొయ్యి తియ్యడం మొదలుపెట్టారు. ఎండాకాలం నేల, గునపం దిగడం లేదు. నేను పక్కకి వెళ్ళి చెయ్యి చాపాను. ఆయన గునపం ఇవ్వలేదు.