బాపు లెన్సు విప్పిన ఆదివారం

మా బాపు నల్లగొండలో చాలా ఏళ్లు ఫొటో స్టూడియో నడిపాడు. సెల్‌ఫోన్లు వచ్చాక దాన్ని మూసేసి కెమెరాలన్నీ అమ్మేశాడు. ఒక్క లెన్సు మాత్రం ఉంచుకున్నాడు. చుట్టుపక్కల ఊళ్ల పెండ్లిళ్లన్నీ దాంతోనే తీశాడు మరి. చేత్తో తిప్పి ఫోకస్ చేసే పాత రకం, రాయంత బరువు.

తెలంగాణ వచ్చిన కొన్నాళ్లకు నా జీతంతో కొత్త కెమెరా కొనుక్కున్నాను. దానికి బాపు లెన్సు తగిలిద్దామని బయటకు తీస్తే, లోపలి అద్దం మీద బూజు అల్లుకుని ఉంది. ఫోకస్ రింగు కదలనే లేదు. హైదరాబాదులో రిపేరు షాపుకు తీసుకెళ్తే, "షోకేసులో పెట్టుకోండి మేడం" అంటూ షాపతను దాన్ని వెనక్కి నెట్టాడు.

ఆ మాట నాకు గుచ్చుకుంది. నేనే విప్పుతానంటే బాపు గాబరాపడ్డాడు.

"ఇప్పదీసుడు అల్కనే బిడ్డా. మల్ల బిగించుడే కష్టం."

"నువ్వు పక్కన కూసో బాపూ. నేను జేస్త."

ఆదివారం పొద్దున బల్ల మీద తెల్ల తువ్వాలు పరిచాను. ముందరి రింగుకు స్క్రూలు లేవు. సైకిల్ ట్యూబు ముక్క అదిమిపెట్టి తిప్పితే ఊడొచ్చింది. అద్దాలు తుడిస్తే బూజు పోయింది, ఒక అంచున సన్నని మచ్చ మాత్రం మిగిలింది. మరల్లో గట్టిపడిన గ్రీజును స్పిరిట్‌తో కడిగి కొత్తది రాశాను.

అంతా బిగించి మేడెక్కి చూస్తే, దగ్గరివి బాగానే ఉన్నాయి కానీ ఎదురుగా ఉన్న గుట్ట మసకమసకగా ఉంది. లోపల ఒకదాంట్లో ఒకటి తిరిగే మర గొట్టాలు రెండున్నాయి. అవి విడిపోయిన చోటే మళ్లీ కలపాలి. ఆ చోటు నేను గుర్తు పెట్టుకోలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పోనీ తియ్ బిడ్డా. బూజన్న పోయింది గద" అన్నాడు బాపు.

పోనివ్వలేదు. మళ్లీ విప్పాను. గోళ్ల రంగుతో చుక్కలు పెట్టుకుంటూ, ఒక్కో చోట కలిపి బిగించడం, మేడెక్కి చూడటం, దిగి మళ్లీ విప్పడం. మోకాళ్లు పీకాయి. పొద్దు వాలుతుండగా గుట్ట మీది బండలు దేనికది విడిగా కనిపించాయి. "బాపూ!" అని నేను పెట్టిన కేకకు పక్కింటివాళ్లు కూడా బయటికొచ్చారు.

తర్వాత ఒకరోజు అమ్మను కూడా తీసుకుని పానగల్ గుడికి వెళ్లి కెమెరా బాపు చేతికిచ్చాను. అమ్మను స్తంభం పక్కన నిలబెట్టి, "గదవ జర పైకెత్తు" అన్నాడు, పెండ్లికూతురికి చెప్పినట్టు. అమ్మ గడ్డం ఎత్తి, సిగ్గుపడి నవ్వింది. ఆ నవ్వును పట్టేశాడు.

ఆ ఫొటోను బాపు ఇంటికొచ్చిన పాత స్నేహితుడికి చూపించాడు. ఆయనా ఫొటోగ్రాఫరే.

"హైదరాబాదుల కాదన్నరు. నా బిడ్డ ఇంట్ల కూసోని బాగుజేసింది."

పక్క గదిలో బట్టలు మడతపెడుతున్న నేను తలుపు దగ్గరికి జరిగాను. బాపు గొంతులో అంత గర్వం ఎప్పుడూ వినలేదు.

"మా ఇంట్ల గూడ ఒకటి బిగుసుకపోయింది. బిడ్డ చూస్తదా?" అన్నాడాయన.

"ఎందుకు చూడది? పట్కరా" అన్నాడు బాపు, నన్ను ఒక్క మాటైనా అడగకుండా.