ఊరంతా చేతులెత్తిన వీడ్కోలు సభ

రెండు వేల ఐదో సంవత్సరం. మా గోదావరి వైపు, పెనుగొండకు కొంచెం దూరంలో, కాలువ గట్టు పక్కనున్న ఒక చిన్న ఊళ్ళో మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలకు నేను హెడ్మాస్టర్ని. అదేదో పెద్ద పదవి అనుకోకండి. రెండు గదులు, ఒక వరండా, ఒక బోరింగు. తోటి టీచరుకు బదిలీ అయ్యాక బెల్లు కొట్టేదీ నేనే, పాఠం చెప్పేదీ నేనే. ఆ ఏప్రిల్‌తో నా సర్వీసు అయిపోతుంది.

మా వృత్తిలో స్ట్రెంగ్త్ అనే మాట ఒకటుంది. బడిలో ఉన్న పిల్లల సంఖ్య అన్నమాట. అది మరీ తగ్గితే రేషనలైజేషన్ అంటారు, అంటే ఆ బడిలోని టీచరు పోస్టును పిల్లలు ఎక్కువున్న చోటికి మార్చేస్తారు. పోస్టు పోయిన బడికి తాళం పడుతుంది. టౌనులోని కాన్వెంటు వాళ్ళ పసుపు వ్యాను మా ఊరు రావడం మొదలైన దగ్గర్నుంచీ మా స్ట్రెంగ్త్ ఏటికేడాదీ పడిపోతూ వచ్చింది. పెద్ద రైతుల పిల్లలు ముందు ఎక్కారు, చిన్న రైతుల పిల్లలు తర్వాత ఎక్కారు. చివరికి నా దగ్గర మిగిలింది ఊరి చివర పేటలోని కూలీల పిల్లలు.

వాళ్ళలో ఎస్తేరు నాలుగో తరగతి. లెక్క చెబుతుండగానే జవాబు అనేసే పిల్ల. తల్లి మరియమ్మ ఊడ్పులకీ కోతలకీ వెళుతుంది. పెద్ద కూతుర్ని బడి మాన్పించి తనతోపాటు పొలానికి తీసుకుపోయింది. ఈ పిల్లనైనా చదివించాలని ఆమె పట్టుదల. ఇంకో సర్కారు బడికి వెళ్ళాలంటే మురుగుకాలువ దాటి, లారీలు తిరిగే మెయిన్ రోడ్డు వెంబడి చాలా దూరం నడవాలి. ఆడపిల్లను ఒంటరిగా అలా పంపే తల్లి ఎవరుంటారు?

"మాస్టారండీ, తమరెళ్ళిపోతే బడుంటాదాండి?" అని ఒకరోజు గేటు దగ్గర నిలబడి అడిగింది.

"పిల్లలుంటే ఉంటుంది మరియమ్మా."

"మా ఎస్తేరు ఉంది కదండీ. ఒక్కత్తి సాలదేటండి?"

నవ్వుతూనే అడిగింది గానీ, నాకు ఆ రాత్రి అన్నం సహించలేదు.

ఇంతలో ఊళ్ళోవాళ్ళు సన్మానం తలపెట్టారు. ముందు నిలబడింది సూర్రావు. నా దగ్గరే అక్షరాలు దిద్దుకుని, ఇప్పుడు ఊళ్ళో నలుగురూ మాట వినే రైతు. అతని ఇద్దరు పిల్లలూ వ్యానులోనే వెళతారు. ఇవన్నీ నాకెందుకురా అంటే వినలేదు.

"తమరు కాదంటే మా ఊరికి తలవంపులండి. ఏంటండీ మాస్టారూ, ఇంతకాలం చేసి ఊరికే వెళ్ళిపోతారా?"

సరే అన్నాను. నా మనసులో ఒక ఆశ పుట్టింది మరి. ఊరంతా ఒక్కచోట కూర్చునే రోజు మళ్ళీ దొరకదు, ఆ రోజే అడిగేద్దాం అనుకున్నాను.

వేసవి సెలవులిచ్చే రోజున సభ. మా గోదావరి వాళ్ళ మర్యాద సంగతి మీకు తెలియనిది కాదు, మనిషిని మర్యాదతోనే ముంచేస్తారు. సన్నాయి మేళంతో ట్రాక్టరు మీద ఊరేగించారు. ఆ ఎండలో శాలువా మీద శాలువా కప్పుతుంటే ఉక్కతో ప్రాణం పోయేలా ఉంది. ఈ ముసలాడికి ఊపిరాడనివ్వండర్రా అంటే అందరూ నవ్వారు. పనసపొట్టు కూర, మామిడికాయ పప్పు, పులిహోర, బూరెలు. సన్మానం చేసిన రైతుల్లో ఒక్కరి బిడ్డా నా బడిలో లేదు.

నా వంతు వచ్చినప్పుడు ఉపన్యాసం జోలికి పోలేదు. "నాకింకేమీ వద్దు. జూన్‌లో బడి తెరిచిననాడు ఇంటికొక్క బిడ్డను పంపండి. లేకపోతే ఈ బడి మూతపడుతుంది. వ్యానెక్కలేని పిల్లలకి చదువు ఆగిపోతుంది" అన్నాను.

సూర్రావు లేచి మైకందుకున్నాడు. "మా పిల్లలిద్దర్నీ నేనే చెయ్యట్టుకుని తీసుకొచ్చి చేర్పిస్తానండి. మాస్టారి మాటంటే ఊరి మాట! ఏమంటారు?" అన్నాడు. ఒక్కొక్క చెయ్యీ లేచింది. చూస్తుండగా అన్ని చేతులూ లేచాయి. చప్పట్లు మోగిపోయాయి. మరియమ్మ వరండా చివర నుంచి వచ్చి నా కాళ్ళకు దణ్ణం పెట్టింది. "ఇంక బెంగ లేదండి" అంది. నేనూ అదే అనుకుని కడుపునిండా బూరెలు తిని ఇంటికెళ్ళాను.

జూన్‌లో బడి తెరిచిన రోజున ఇంట్లో కాలు నిలవలేదు. బస్సెక్కి వచ్చి గేటు దగ్గర నిలబడ్డాను. కొత్తగా వేసిన కుర్ర టీచరు ఒక్కడే వరండాలో ఉన్నాడు. పేట పిల్లలు వచ్చారు. వాళ్ళలో ఎస్తేరు ఉంది. తర్వాత ఇంకెవరూ రాలేదు. పసుపు వ్యాను వచ్చింది. కిటికీలోంచి సూర్రావు పిల్లలిద్దరూ నన్ను చూసి, ఎంతో బుద్ధిగా "గుడ్మార్నింగ్ సార్" అని చేతులూపారు.

నేరుగా సూర్రావు ఇంటికి వెళ్ళాను. కుర్చీ వేశాడు, ఫ్యాను తిప్పాడు, కాఫీ తెప్పించాడు. నేను అడగకముందే తల దించుకున్నాడు.

"ఆ రోజు నిజంగానే అన్నానండి. ఇంటికొచ్చి చెబితే ఆడవాళ్ళు ఒప్పుకోలేదండి. ఇంగ్లీషు లేకపోతే రేపు ఎందుకూ పనికిరారంటండి."

"అయితే ఆ రోజే కుదరదని చెప్పాల్సింది కదరా."

"మెళ్ళో దండేసుకుని కూర్చున్న మనిషిని కాదంటామాండీ? మర్యాదేనాండి అది?" అని నా వైపు ఆశ్చర్యంగా చూశాడు. లోపలికి విస్తరి వెయ్యమని కేకేసి, "భోంచేసి వెళ్ళండి మాస్టారూ" అన్నాడు.

కోపంతో ఒళ్ళు మండిపోతోంది. అయినా కూర్చుని తిన్నాను. వద్దంటే బాగోదని.

దసరా సెలవుల తర్వాత పోస్టు ఎత్తేశారు. బడికి తాళం వేశారు. రెండో పంట దాళ్వా ఊడ్పులప్పుడు ఏదో పనిమీద అటు వెళితే, పొలంలో ఆడవాళ్ళ వరసలో ఎస్తేరు కనిపించింది. నన్ను చూసి గట్టు మీదకి పరిగెత్తుకొచ్చింది. చేతులకి మోచేతుల దాకా బురద.

"మాస్టారండీ, బడి మళ్ళీ ఎప్పుడు తీస్తారండి?"

వెనక మరియమ్మ నడుమెత్తి నిలబడి నా మొహంలోకే చూస్తోంది. ఇక తియ్యరమ్మా అని చెప్పాల్సింది.

"తీస్తారమ్మా. తప్పకుండా తీస్తారు" అన్నాను.

"ఆయ్" అని సంబరంగా తలూపి, మళ్ళీ పొలంలోకి దిగిపోయింది.

ఎదుటి మనిషి మనసు కష్టపెట్టకూడదనేది మా వైపు ఉగ్గుపాలతోనే అబ్బే అలవాటు. నేనూ ఇన్నేళ్ళూ పిల్లలకి అదే నేర్పాను. కాదనలేక ఔనన్న మాటను నమ్ముకున్నవాళ్ళ గతేమిటో ఆ గట్టు మీద కళ్ళారా చూశాను. చూసి, నేనూ ఆ మాటే చెప్పి వచ్చాను.