డ్రమ్ము సారు

యూనివర్సిటీ క్యాంపస్‌లోని మా బడిలో స్టీల్‌పాన్ వాయించడం నేర్పడానికి లాలాగూడ నుంచి ఒక సారు వచ్చేవారు. రైల్వే వర్క్‌షాపులో రిటైరైన మనిషి. నూనె డ్రమ్ము అడుగును సుత్తితో పళ్లెంలా లోపలికి దించి, అందులో సరిగమలు పలికించేవారు.

"గట్టిగ కొట్టకు బేటా. మెల్లగ అడుగు, అదే చెప్తది" అనేవారు రోజూ.

వార్షికోత్సవం పొద్దున రిహార్సల్లో, సాయంత్రం వెనక వరుసలో కూర్చునే అమ్మకు కూడా వినపడాలని బలంగా కొట్టాను. 'ప' పలికే చోట సొట్ట పడి ఆ స్వరం చెడిపోయింది. బాగు చేసే వ్యవధి లేదు. సారు తన పాన్ నాకిచ్చి, చెడినది తాను తీసుకున్నారు.

సాయంత్రం వేదిక మీద 'ప' వచ్చిన ప్రతిసారీ కర్ర ఆపి, దాన్ని నోటితో పాడారు.

"మీ సారు మధ్యమధ్యల మంచిగ పాడిన్రు" అంది అమ్మ, తార్నాకలో బస్సు దిగుతూ.

ఆ 'ప'ను మెల్లగా పాడుకుంటూ ఆమె వెనకే దిగాను.